2147483647 అనే ప్రధాన సంఖ్య: తరచుగా అడిగే ప్రశ్నలు

కింది జవాబుల్లో ‘ప’ అంటే ప్రతిచోటా 2147483647. మాటల్లో 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. శేషం అన్నప్పుడు, ప్రత్యేకంగా చెప్పకపోతే, ఈ సంఖ్యతో భాగిస్తే మిగిలేది.

ఇన్ని ప్రధాన సంఖ్యలుండగా దీని గురించే ఎందుకు?

ఇది 2³¹ − 1 కాబట్టి. బైనరీలో రాస్తే వరుసగా 31 ఒకట్లు, మధ్యలో ఒక్క సున్నా కూడా ఉండదు. రెండు ఘాతం కంటే ఒకటి తక్కువగా ఉండే ప్రధాన సంఖ్యలను మెర్సెన్ ప్రధాన సంఖ్యలంటారు. వాటిలో ఇది ఎనిమిదవది (ఘాతాలు 2, 3, 5, 7, 13, 17, 19, 31). మొత్తం ప్రధాన సంఖ్యల వరుసలో దీని స్థానం 10,50,97,565. దీనికి ముందున్న ప్రధాన సంఖ్య 2147483629, తర్వాతది 2147483659. కవల ప్రధానం మాత్రం కాదు, ఎందుకంటే రెండు తక్కువైన 2147483645 ఐదుతో, రెండు ఎక్కువైన 2147483649 మూడుతో తెగిపోతాయి.

గుర్తుపెట్టుకోవలసింది ఒక్కటే: 2³¹ ని ప తో భాగిస్తే శేషం 1. ఈ సంఖ్యతో లెక్కలు సులువు కావడానికీ, కొన్నిచోట్ల అదే సంఖ్య బోల్తా కొట్టించడానికీ ఇదే మూలం.

ఘాతం 31 ప్రధాన సంఖ్యే కదా, 2³¹ − 1 కూడా ప్రధానమని దానంతటదే రాదా?

రాదు. 11 ప్రధానమే, కానీ 2¹¹ − 1 = 2047 = 23 × 89. అలాగే 2²³ − 1 = 47 × 178481, 2²⁹ − 1 = 233 × 1103 × 2089. తిరగేసి చెబితే మాత్రం నిజం: ఘాతం సంయుక్త సంఖ్య అయితే ఫలితం కచ్చితంగా సంయుక్తమే. 2¹⁵ − 1 ని చూడండి, 2³ − 1 = 7, 2⁵ − 1 = 31 రెండూ దాన్ని భాగిస్తాయి.

ఇది ప్రధానమని ఎవరు, ఎప్పుడు నిరూపించారు?

లియొనార్డ్ ఆయిలర్, 1772లో. అంతకు ముందే 1603లో ఇటలీకి చెందిన కటాల్ది 17, 19, 23, 29, 31, 37 ఘాతాలన్నిటికీ ప్రధాన సంఖ్యలే వస్తాయన్నాడు. 17, 19 విషయంలో అతని లెక్క సరైనదే. మిగిలిన నాలుగింటిలో 31 ఒక్కటే నిలిచింది, అదీ నిరూపణ లేకుండా. 1644లో మెర్సెన్ ఇచ్చిన జాబితాలోనూ 31 ఉంది. ఆ జాబితాలో 67, 257 తప్పుగా చేరాయి, 61, 89, 107 తప్పిపోయాయి. కాబట్టి జాబితాలో ఉండటాన్ని రుజువుగా తీసుకోలేం.

కంప్యూటర్ లేకుండా ఆయిలర్ ఎలా తేల్చాడు? నేనూ చేత్తో చేయగలనా?

ఓపిక ఉంటే ఒకట్రెండు రోజుల్లో చేయవచ్చు. ఈ సంఖ్య వర్గమూలం 46340.95 దగ్గర ఉంటుంది. మామూలు పద్ధతిలో అక్కడి వరకు ఉన్న దాదాపు 4,800 ప్రధాన సంఖ్యలతో భాగించి చూడాలి. ఆయిలర్ ఆ పనిని దాదాపు ఎనభై భాగహారాలకు తగ్గించాడు.

ద అనే ప్రధాన సంఖ్య 2³¹ − 1 ని భాగిస్తుందనుకోండి. అప్పుడు ద తో భాగిస్తే 2³¹ శేషం 1. 31 ప్రధానం కాబట్టి, 2 ను ఎన్నిసార్లు గుణిస్తే మొదటిసారి శేషం 1 వస్తుందో ఆ సంఖ్య సరిగ్గా 31. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం 2 ని ద − 1 ఘాతానికి హెచ్చించినా శేషం 1 వస్తుంది, కాబట్టి 31 అనేది ద − 1 ని భాగించాలి. ద బేసి సంఖ్య కూడా కాబట్టి అది 62క + 1 రూపంలోనే ఉంటుంది.

ఇక రెండో షరతు. 2³² శేషం 2, అంటే 2¹⁶ వర్గం శేషం 2 అన్నమాట. అలా 2 ఒక వర్గానికి శేషం కావాలంటే ద ని 8తో భాగించినప్పుడు 1 గానీ 7 గానీ మిగలాలి. ఈ రెండు షరతులూ కలిస్తే ద రూపం 248న + 1 లేదా 248న + 63.

46340 లోపు ఈ రూపాల్లో ఉన్నవి మొత్తం 373. వాటిలో సంయుక్త సంఖ్యలను కొట్టేస్తే మొదట మిగిలేవి 311, 1303, 1489. ఒక్కొక్కదానికీ పది అంకెల పొడవైన భాగహారం అక్కర్లేదు, వర్గాలు చేసుకుంటూ పోతే చాలు. 311తో చూద్దాం: 2⁸ = 256, అంటే −55. దాని వర్గం 3025, శేషం −85. దాని వర్గం 7225, శేషం 72. ఇది 2³² కి శేషం. 311 భాగించి ఉంటే ఇక్కడ 2 రావాలి, వచ్చింది 72, కాబట్టి 311 పోయింది. మిగిలిన అన్నిటికీ ఇదే వరస.

చేత్తో చేసేవారు ఎక్కువగా తప్పేది రుణ శేషాల దగ్గర కాదు, జాబితా తయారీలో. 248న + 63 లో న సున్నా నుంచి మొదలవుతుంది, 248న + 1 లో ఒకటి నుంచి. ఒక ప్రధాన సంఖ్య జాబితాలోంచి జారిపోయినా నిరూపణ చెల్లదు, చివర్లో దాన్ని పట్టిచ్చే సూచన కూడా ఏదీ ఉండదు.

లూకా–లెమర్ పరీక్షతో అయితే?

ఇది చాలా చిన్న దారి. 4తో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం చేసి 2 తీసేసి శేషం తీసుకోవాలి. ఘాతం 31 కాబట్టి ఈ పని 29 సార్లు చేయాలి. చివర సున్నా వస్తే సంఖ్య ప్రధానం, రాకపోతే సంయుక్తం. అనుమానానికి తావు లేదు.

ముందు 2⁷ − 1 = 127 మీద చేసి చూసుకోండి: 4, 14, 67, 42, 111, 0. ఐదు అడుగుల్లో సున్నా వచ్చింది. మన సంఖ్యకు వరస ఇలా మొదలవుతుంది: 4, 14, 194, 37634, 1416317954, 669670838. మీ ప్రోగ్రాంలో ఆరో సంఖ్య తేడాగా వస్తే గుణకారం 64 బిట్లలో జరగడం లేదన్నమాట, ఎందుకంటే నిజంగా శేషం తీయాల్సిన అవసరం మొదట పడేది అక్కడే. చివరి సున్నాకు ముందు అడుగులో 65536 గానీ, ప − 65536 గానీ రావాలి. దాని వర్గానికి శేషం 2 కావాలి కదా, 2 కి వర్గమూలాలు ఆ రెండే. 28వ అడుగులో ఇది సరిచూసుకుంటే లెక్క దారి తప్పలేదని తెలుస్తుంది.

ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అడుగులు వేయడం ఇక్కడ మామూలు పొరపాటు. సున్నా తర్వాత ఇంకో అడుగు వేస్తే −2 వస్తుంది, ప్రోగ్రాం ‘సంయుక్తం’ అని చెబుతుంది.

నా ప్రోగ్రాం 2 ఆధారంగా ఫెర్మా పరీక్ష చేసి ‘ప్రధానం’ అంది. అది చాలదా?

చాలదు. ఆ పరీక్షలో 2 ని (సంఖ్య − 1) ఘాతానికి హెచ్చించి, ఆ సంఖ్యతో భాగిస్తే శేషం 1 వస్తుందా అని చూస్తారు. ఈ రూపంలో ఉన్న సంఖ్యలకు అది అసలేమీ చెప్పదు. ఘాతం ప్రధానమైతే చాలు, 2^ఘాతం − 1 రూపంలోని ప్రతి సంఖ్యా, సంయుక్తమైనా సరే, 2 ఆధారంగా చేసే ఫెర్మా పరీక్షను దాటేస్తుంది. అంతకంటే కఠిన పరీక్ష అయిన మిల్లర్–రాబిన్‌లో కూడా అంతే. 2047 = 23 × 89 ఆ పరీక్షను దాటే అతిచిన్న సంయుక్త సంఖ్య. ఆధారం 3 కి మారిస్తే 2047 వెంటనే దొరికిపోతుంది.

475,91,23,141 కంటే చిన్న సంఖ్యలకు 2, 7, 61 అనే మూడు ఆధారాలతో మిల్లర్–రాబిన్ చేస్తే జవాబు కచ్చితం. మన సంఖ్య ఆ హద్దులోనే ఉంది. అయితే ఈ మూడింటిలో 2 చేసే పనేమీ లేదు, భారమంతా 7, 61ల మీదే.

ఎవరైనా సరిచూసుకోగలిగే చిన్న రుజువు పత్రం ఉందా?

ఉంది. ప − 1 ని పూర్తిగా కారణాంకాలుగా విడదీయవచ్చు:

2147483646 = 2 × 3² × 7 × 11 × 31 × 151 × 331

సరిచూడాల్సిన ఆధారం 7. 7 ని ప − 1 ఘాతానికి హెచ్చిస్తే శేషం 1 రావాలి. ఈ కింది ఏ ఘాతానికీ 1 రాకూడదు: 1073741823, 715827882, 306783378, 195225786, 69273666, 14221746, 6487866. ఇవి ప − 1 ని వరుసగా 2, 3, 7, 11, 31, 151, 331తో భాగిస్తే వచ్చినవి. 3 రెండుసార్లు ఉన్నా ఒకసారి చూస్తే చాలు. ఈ ఎనిమిది లెక్కలూ సరిపోతే ప ప్రధానం, 7 దాని ప్రిమిటివ్ రూట్ (అంటే 7 ఘాతాల శేషాల్లో 1 నుంచి ప − 1 వరకు అన్ని సంఖ్యలూ వస్తాయి). అలాంటి మూలాలు మొత్తం 53,46,00,000 ఉన్నాయి, వాటిలో అతిచిన్నది 7.

భాగహారం లేకుండా శేషం తీయవచ్చంటారు. ఎలా?

2³¹ శేషం 1 కాబట్టి, సంఖ్యను బైనరీలో 31 బిట్ల ముక్కలుగా కోసి కూడితే చాలు. 62 బిట్లలోపు ఉన్న స అనే సంఖ్యకు:

మొత్తం = (స & ప) + (స >> 31)
మొత్తం ≥ ప అయితే ప తీసేయండి.

పై వరసలోని అడుగునే చూడండి. 1416317954 బదులు దాని రుణ రూపం 731165693 తీసుకుందాం, వర్గం ఒకటే కదా. వర్గం చేసి 2 తీసేస్తే 534603270620170247. దీని పై ముక్క 248944047, కింది ముక్క 420726791. కూడితే 669670838.

తప్పులు జరిగే చోట్లు మూడు. ≥ రాయాల్సిన చోట > రాస్తే, సున్నా రావాల్సిన చోట ప అలాగే మిగిలిపోతుంది, లూకా–లెమర్ ప్రోగ్రాం ప్రధాన సంఖ్యను సంయుక్తమని చెప్పడానికి ఇదో పెద్ద కారణం. రెండోది, కూడిన మొత్తం 2ప దాకా వెళ్లవచ్చు. అది గుర్తు (+/−) ఉన్న 32 బిట్లలో పట్టదు, తీసివేత అయ్యేదాకా 64 బిట్లలోనే ఉంచండి. మూడోది జావాస్క్రిప్ట్ వాడేవారికి: అక్కడ & , >> గుర్తులు సంఖ్యను ముందే 32 బిట్లకు కుదించేస్తాయి, పైగా మామూలు సంఖ్యల్లో 2⁵³ దాటాక పూర్ణాంకాలు కచ్చితంగా నిలవవు. బిగ్‌ఇంట్ వాడక తప్పదు.

వర్గమూలం, విలోమం కూడా ఇంత సులువేనా?

వర్గమూలం ఇంకా సులువు. ఇచ్చిన సంఖ్యను వరుసగా 29 సార్లు వర్గం చేయండి, వచ్చిందే వర్గమూలం. ప + 1 ని 4తో భాగిస్తే సరిగ్గా 2²⁹ రావడం వల్ల ఈ సౌకర్యం. కానీ వచ్చిన జవాబును మళ్లీ వర్గం చేసి చూడకుండా వాడొద్దు. సంఖ్యకు వర్గమూలమే లేకపోతే ఈ పద్ధతి ఆగదు, దాని రుణ సంఖ్య వర్గమూలాన్ని చేతిలో పెడుతుంది. ఉదాహరణకు 3 కి, −1 కి ఇక్కడ వర్గమూలాలు లేవు.

2తో గుణించడమంటే 31 బిట్లను గుండ్రంగా ఒక స్థానం తిప్పడమే. అందుకే 2 విలోమం (2తో గుణిస్తే శేషం 1 ఇచ్చే సంఖ్య) 2³⁰ = 1073741824. మిగిలిన వాటికి విస్తృత యూక్లిడ్ పద్ధతి గానీ, ప − 2 ఘాతం గానీ వాడండి.

16807 అనే సంఖ్యకూ దీనికీ సంబంధమేమిటి?

16807 = 7⁵, ఇది కూడా ప్రిమిటివ్ రూటే. పాత సంఖ్యను 16807తో గుణించి శేషం తీస్తే తర్వాతి యాదృచ్ఛిక సంఖ్య వస్తుంది. లూయిస్, గుడ్‌మన్, మిల్లర్ 1969లో దీన్ని ప్రతిపాదించారు. 1988లో పార్క్, మిల్లర్ కనీస ప్రమాణంగా సూచించారు. తర్వాత వారే 48271 మెరుగన్నారు. సీ++ ప్రామాణిక లైబ్రరీలో రెండూ ఉన్నాయి. విత్తనం, అంటే మొదలుపెట్టే సంఖ్య, 1 అయితే వరస 16807, 282475249, 1622650073, 984943658. పదివేలవది 1043618065 కావాలి. మీరు రాసిన కోడును సరిచూడటానికి ఇది చాలు.

32 బిట్లలోనే పని కానివ్వాలంటే ష్రాగె పద్ధతి ఉంది. ప = 16807 × 127773 + 2836. పాత సంఖ్యను 127773తో భాగించండి. శేషాన్ని 16807తో, భాగఫలాన్ని 2836తో గుణించి, మొదటి దాంట్లోంచి రెండోది తీసేయండి. రుణం వస్తే ప కలపండి. 48271 కి ఆ జత 44488, 3399.

విత్తనం సున్నా ఇస్తే ఎప్పటికీ సున్నాలే. విత్తనం ప ఇచ్చినా అంతే. 1 నుంచి 127773 వరకు విత్తనాలకు మొదటి ఫలితం కేవలం విత్తనం × 16807, అంటే పక్కపక్క విత్తనాలకు పక్కపక్క ఫలితాలే వస్తాయి. సమయాన్నో, వరస సంఖ్యనో విత్తనంగా వాడేవారు మొదటి కొన్ని ఫలితాలను వదిలేయడం మంచిది. రహస్యాలకైతే అసలు వాడొద్దు. 16807 విలోమం 1407677000, దాంతో గుణిస్తే వరస వెనక్కి నడుస్తుంది. ఒక్క ఫలితం తెలిసినా ముందూ వెనకా అంతా తెలిసిపోయినట్టే.

స్ట్రింగ్ హ్యాషింగ్‌లో మాడ్యులస్‌గా వాడవచ్చా?

ఇందులో అక్షరాల వరసను (స్ట్రింగ్) ఒక ఆధారం ఘాతాలతో గుణించి కూడి, ప తో శేషం తీసి ఒక సంఖ్యగా (హ్యాష్) మారుస్తారు. వాడవచ్చు, ఆధారాన్ని ప్రోగ్రాం నడిచే ప్రతిసారీ యాదృచ్ఛికంగా ఎంచుకుంటే. 2 ని గానీ, దాని ఘాతాలను గానీ ఆధారంగా తీసుకోవద్దు. 2³¹ శేషం 1 కాబట్టి 31 స్థానాల దూరంలో ఉన్న రెండు అక్షరాల బరువు ఒకటే అవుతుంది, వాటిని తారుమారు చేసినా హ్యాష్ మారదు. 256 అందరికీ సహజంగా తోచే ఆధారం. అది 2⁸, కాబట్టి దానికీ ఇదే జబ్బు.

ఆధారం బాగున్నా, దాదాపు 54,500 వేర్వేరు స్ట్రింగులు చేరేసరికి ఏవో రెండు ఢీకొనే అవకాశం సగానికి సగం. లక్షల్లో ఉంటే రెండు ఆధారాలు కలిపి వాడండి, లేదా ఇదే కుటుంబంలోని 2⁶¹ − 1 కి మారండి. అక్షరాలకు విలువలు 0 నుంచి కాక 1 నుంచి ఇవ్వండి.

వేగవంతమైన ఫోరియర్ పద్ధతికి పనికొస్తుందా?

నేరుగా రాదు. పెద్ద గుణకారాలను త్వరగా చేసే ఈ పద్ధతిలో పొడవు 1024 (2¹⁰) లాంటిదైతే ప − 1 లో అన్ని రెండ్లు ఉండాలి, ఉన్నది ఒక్కటే. ఆ పనికి 998244353 = 119 × 2²³ + 1 వాడతారు. పట్టుబట్టి దీన్నే వాడాలంటే −1 వర్గమూలాన్ని చేర్చి సంకీర్ణ సంఖ్యల్లా జతలతో లెక్క చేయవచ్చు. అక్కడ 2³² దాకా రెండు ఘాతాలు దొరుకుతాయి.

ఎన్‌క్రిప్షన్‌కు?

వద్దు. చిన్నది. పైగా ప − 1 లోని పెద్ద కారణాంకం 331 మాత్రమే కావడంతో, రహస్య తాళం పంచుకునే పద్ధతైన డిఫీ–హెల్‌మన్‌లో ఘాతాన్ని ముక్కలుగా విడదీసి క్షణాల్లో కనిపెట్టవచ్చు.

మా డేటాబేస్‌లో చాలామంది ఫోన్ నంబరు 2147483647 అని ఒకేలా కనిపిస్తోంది. ఎందుకు?

ఆ నంబరు ఎవరిదీ కాదు. గుర్తు ఉన్న 32 బిట్ల పూర్ణాంకంలో పట్టే గరిష్ఠ విలువ ఇదే. మైఎస్‌క్యూఎల్‌లో కఠిన విధానం (strict mode) ఆపేసి ఉంటే, అంతకంటే పెద్ద సంఖ్య వచ్చినప్పుడు తప్పు చూపకుండా గరిష్ఠ విలువను దాచేస్తుంది. అసలు నంబర్లు ఆ పట్టికలో లేవు, లాగ్‌లోనో బ్యాకప్‌లోనో వెతకాల్సిందే. నిలువు వరుస రకాన్ని అక్షరాలకు మార్చండి. పెద్ద పూర్ణాంకానికి మారిస్తే నంబరు పడుతుంది కానీ ముందున్న సున్నాలూ, + గుర్తూ పోతాయి. కఠిన విధానం తిరిగి ఆన్ చేస్తే ఇకమీదట తప్పు వెంటనే బయటపడుతుంది.

2038 జనవరి 19న అంతర్జాతీయ సమయం 03:14:07 దగ్గర పాత వ్యవస్థల గడియారాలు తిరగబడటానికీ ఇదే హద్దు. 1970 నుంచి లెక్కించిన సెకన్లు అప్పటికి 2147483647 అవుతాయి. మరుసటి సెకనుకు తేదీ 1901 డిసెంబరు 13 అని చూపుతుంది. ఆ హద్దు ప్రధాన సంఖ్య కావడం మాత్రం కాకతాళీయమే, 63 బిట్ల హద్దు 2⁶³ − 1 ఏడుతో తెగుతుంది.

దీంతో వచ్చే పరిపూర్ణ సంఖ్య ఏది?

2³⁰ × (2³¹ − 1) = 2305843008139952128. తనను మినహాయించి మిగిలిన భాజకాలన్నీ కూడితే ఇదే వస్తుంది. ఇంతకంటే పెద్ద పరిపూర్ణ సంఖ్యను ఎవరూ కనుక్కోబోరని పీటర్ బార్లో 1811లో రాశాడు. కానీ 1876లో లూకా 2¹²⁷ − 1 ప్రధానమని చూపడంతో ఇంకా పెద్దది దొరికింది. 2024 అక్టోబరులో ప్రకటించిన 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1 కి 4,10,24,320 అంకెలున్నాయి.

ఘాతంగా 2147483647నే పెడితే మళ్లీ ప్రధాన సంఖ్య వస్తుందా?

రాదు. 3, 7, 31, 127 లను ఘాతాలుగా పెడితే ప్రధాన సంఖ్యలే వస్తాయి కాబట్టి ఆశ పుట్టడం సహజం. కానీ 2^ప − 1 ని 295257526626031 భాగిస్తుంది. ఆయిలర్ నియమం ఇక్కడా పనిచేస్తుంది: కారణాంకం 2కప + 1 రూపంలో ఉండాలి, దీనికి క = 68745. అరవై కోట్లకు పైగా అంకెలున్న సంఖ్యను రాయకుండానే దీన్ని సరిచూడవచ్చు. 1తో మొదలుపెట్టి, ‘వర్గం చేయి, 2తో గుణించు, 295257526626031తో భాగించి శేషం తీయి’ అనే పని 31 సార్లు చేయండి. ఘాతం బైనరీలో 31 ఒకట్లే కాబట్టి ఏ అడుగులోనూ 2తో గుణించడం మానాల్సిన పని లేదు. చివర 1 రావాలి. భాజకానికి 49 బిట్లు ఉండటంతో మధ్యలో వచ్చే లబ్ధాలు 98 బిట్ల దాకా పెరుగుతాయి, కాబట్టి 64 బిట్ల గుణకారంతో చేస్తే 1 బదులు ఏదో చెత్త సంఖ్య వస్తుంది. 128 బిట్ల రకం గానీ, పైథాన్‌లో మూడు సంఖ్యలిచ్చే ఘాతం ఫంక్షన్ గానీ వాడండి.